చెవి ఒగ్గిన నేల

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి స్మారకోపన్యాసం



ఈ రోజు ఆగస్టు 29. 1863లో ఇదే తేదీన శ్రీముఖలింగ క్షేత్రం దగ్గరి పర్వతాలపేటలో రామమూర్తి పంతులుగారు పుట్టారు. ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన స్మృతికి అంకితమైన ఉపన్యాసం ఆయన పుట్టిన జిల్లాలోనే చేయమని పిలిచిన నిర్వాహకులకు నా కృతజ్ఞతలు. నలభై ఏళ్లు బడిలో తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. ఇక్కడ నిలబడి ఆయన పేరు పలకడానికి నాకున్న అర్హత అదొక్కటే.

ఉత్తరాంధ్ర మహనీయుల జీవితాల గురించి మాట్లాడమన్నారు. అలాంటి జీవితాలు చెప్పే తీరొకటి మన పాఠ్యపుస్తకాల్లో స్థిరపడి ఉంది. పుట్టిన పల్లె, చిన్ననాటి లేమి, వీధి దీపం కింద చదువు, పట్టా, పదవి, బిరుదు, చివర నాలుగు రోడ్ల కూడలిలో విగ్రహం. ఈ వరసలో చెబితే మనిషి తన ఊరిని వెనక్కి నెట్టి ఎంత ఎత్తుకు వెళ్లాడన్నదే పిల్లల మనసులో మిగులుతుంది. ఊరంటే దాటిపోవలసిన గడప అన్న భావం నాటుకుంటుంది. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను. ఇప్పుడు వాళ్లను ఇంకో ప్రశ్నతో చూడాలనిపిస్తోంది. వీళ్లు ఎవరి మాట విన్నారు?

ఈ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

తూర్పు గాంగులు ఏలిన కాలంలో ఈ నేల ఒక రాజ్యానికి నడిబొడ్డు. వాళ్ల రాజధాని కళింగనగరం మన ముఖలింగమేనని శాసనాలు చదివి వాదించినవారిలో రామమూర్తిగారొకరు. పాత లిపులు చదవడం ఆయన పుస్తకాలు కొని తనకు తానే నేర్చుకున్నారు. 12వ శతాబ్దంలో అనంతవర్మ చోడగంగదేవుడి కాలంలో అధికారం కటకం వైపు తరలిపోయింది. అప్పటి నుంచి కళింగాంధ్ర ఎప్పుడూ ఎవరికో ఒకరికి అంచుగానే మిగిలింది. గోల్కొండ సుల్తానులకు ఉత్తరపు అంచు, మద్రాసు ప్రెసిడెన్సీకి చిట్టచివరి కొస. 1757లో బొబ్బిలి కోట కూలింది. 1794లో పద్మనాభం దగ్గర కంపెనీ సేనలతో పోరాడుతూ విజయనగరం రాజు చిన విజయరామరాజు పడిపోయాడు. 1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయంతో జమీందారీలు స్థిరపడ్డాయి. శిస్తు కట్టేవాడికీ వసూలు చేసేవాడికీ మధ్య బుగతలు, నాయుళ్లు, కరణాలు, షావుకార్లు ఒకరి మీద ఒకరుగా పేరుకున్నారు.

ఈ అంచులో సంతలు జరిగేవి. ఇప్పటికీ జరుగుతున్నాయి. కొండ కింది సంతలో ఒక ఉదయం నిలబడితే మూడు భాషా కుటుంబాలు చెవిన పడతాయి. తెలుగు, కువి ద్రావిడానివి. ఒడియా ఉత్తరాది కుటుంబానిది. సవర ముండా శాఖది, దానికి మన తెలుగుతో చుట్టరికం లేదు. ఇన్ని భాషలు కలిసే చోట అందరూ అందరి మాటా వింటారని అనుకుంటాం. సంతలో అలా జరగదు. చింతపండు, అడ్డాకులు, జీలుగు బెల్లం దించుకుని వచ్చిన సవరకే తెలుగు రావాలి. తూకం వేసే షావుకారికి సవర రానక్కరలేదు. పాలేరు బుగత మాట వినాలి, బుగతకు పాలేరు మాట వినపడనక్కరలేదు. ఓడెక్కి రంగూన్ పోయిన మన కూలీ అక్కడి మేస్త్రీ భాషకు చెవి ఒగ్గాలి. వినడం ఎప్పుడూ కిందివాడి పనిగానే ఉండిపోయింది.

కొండ మీది నుంచి కిందికి ప్రవహించే నీటిలా ఇన్ని శతాబ్దాలు ఒకే వైపు నడిచిన ఈ వినికిడిని కొందరు ఎదురు తిప్పారు. చదువుకున్నవాళ్లు, పలుకుబడి ఉన్నవాళ్లు, చెప్పడానికే పుట్టామనుకునే కులాలవాళ్లు, కింద కూర్చుని విన్నారు. కళింగాంధ్ర మహనీయుల గొప్పతనం నాకు అక్కడ కనిపిస్తుంది. ఈ ఉపన్యాసంలో నేను చెప్పదలచిన మాట ఇదే.

రామమూర్తిగారి జీవితమే ముందు చూద్దాం. పన్నెండేళ్లకు తండ్రిని పోగొట్టుకున్నారు. విజయనగరంలో మహారాజావారి బడిలో చదివారు. అక్కడే గురజాడ అప్పారావుగారు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ అయింది. మరుసటి ఏడు, పదిహేడేళ్ల వయసులో, పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడుగా చేరారు. కుటుంబ బాధ్యత నెత్తిన ఉన్న కుర్రవాడికి అది చాలు. ఇంకెవరైనా అయితే జీతం తీసుకుని, ప్రైవేటుగా పరీక్షలు కట్టి, మద్రాసు దారి చూసుకునేవారు. పంతులుగారు పరీక్షలు ప్రైవేటుగానే కట్టారు, పట్టా సంపాదించారు, మద్రాసు దారి మాత్రం పట్టలేదు. ఊరి అంచున కొండలున్నాయి. కొండల మీంచి సవరలు దిగి వస్తున్నారు. వాళ్లు మాట్లాడుకునేది ఊళ్లో ఎవరికీ పట్టలేదు. ఆయనకు పట్టింది.

సవర, తెలుగు రెండూ వచ్చిన ఒక సవరను ఆయన తన ఇంట్లో ఉంచుకుని, అతని దగ్గర భాష నేర్చుకున్నారు. ఈ వాక్యాన్ని మనం త్వరగా దాటిపోతాం. 19వ శతాబ్దం చివరి పర్లాకిమిడిని ఊహించుకోండి. బ్రాహ్మణ ఉపాధ్యాయుడి ఇంట్లో సవర మనిషి. అతను గురువు, పంతులుగారు శిష్యుడు. ఏ మాట ఎలా పలకాలో అతను చెబుతాడు, ఈయన తప్పు పలికితే దిద్దుతాడు. సవరలో గొంతులో ఊపిరి ఒక్క క్షణం ఆగి తెగే ధ్వని ఒకటుంది. మన వర్ణమాలలో దానికి అక్షరం లేదు. అక్షరం లేని ధ్వనిని పట్టుకోవాలంటే చదివిన చదువునంతా పక్కన పెట్టి చెవినొక్కదాన్నే నమ్ముకోవాలి. ఆ గురువుగారి పేరు నేను చదివిన పాఠాల్లో ఎక్కడా లేదు. నేను చెప్పిన పాఠాల్లోనూ లేదు. అది నన్ను ఈనాటికీ బాధిస్తుంది.

అలా విన్నదాన్ని ఆయన సవర పిల్లల కోసం వాచకాలుగా, కథలుగా, పాటలుగా తెలుగు లిపిలో కూర్చారు. సొంత డబ్బుతో బడి పెట్టి వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం 1911లో ఆ పుస్తకాలు అచ్చు వేయించి పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టండని కోరారు. తల్లిభాషలో ప్రాథమిక విద్య అని ఇవాళ సదస్సుల్లో మనం చర్చించే విషయాన్ని ఆ కొండ వాలులో ఆయన చేసి చూపించారు.

ఆ కొండల్లో తిరగడానికి ఆయన ఒక మూల్యం చెల్లించారు. మన్యపు జ్వరం పట్టుకుంది. దానికి క్వినైను వాడారు. క్వినైను వినికిడిని తీసుకుపోయింది. తరవాతి జీవితమంతా ఆయన చెవిటివారుగానే బతికారు. ఎవరి మాట వినడానికి కొండెక్కారో, ఆ వినడమే ఆయన చెవులను తీసుకుంది. ఈ విషయం తలుచుకున్నప్పుడల్లా నేను కాసేపు మాట్లాడలేను. మీరు మన్నించాలి.

వాడుక భాషా ఉద్యమం దీని తరవాత వచ్చింది. ఈ వరస ముఖ్యమని నా నమ్మకం. 1907 ప్రాంతంలో ఈ జిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర, తెలుగు నేర్చుకుంటూ, జనం మాట్లాడే భాష ఒకటి, బడి పుస్తకంలోని భాష ఇంకొకటి ఎందుకని అడిగాడు. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా ఆ ప్రశ్న గురజాడవారికి, గిడుగువారికి చేరింది. దొర అడిగాడు కాబట్టి ఉద్యమం పుట్టిందని కొందరు రాస్తారు. నేను ఒప్పుకోను. అప్పటికే ఏళ్ల తరబడి రాతలేని ఒక భాషను నోటి నుంచి విని, దానికీ వ్యాకరణం ఉందని, దానికీ నియమం ఉందని కళ్లారా చూసిన మనిషి, తన ఇంట్లో, తన వీధిలో మాట్లాడే తెలుగును మాత్రం అపభ్రంశమని ఎలా అనగలడు? సవర గురువు దగ్గర నేర్చిన పాఠాన్నే పంతులుగారు తెలుగుకు అన్వయించారు. ఊరూరా సభల్లో ప్రాచీన గ్రంథాల మూటలు విప్పి, కావ్యకర్తల ప్రయోగాలు చూపించి, గ్రాంథికం రాస్తున్నామనేవారి పుస్తకాల్లోనే గ్రాంథికం నిలవడం లేదని నిరూపించారు. ఎదుట జయంతి రామయ్య పంతులుగారి వంటి ఉద్దండులున్నారు. 1919లో 'తెలుగు' పేరుతో పత్రిక నడిపారు. అవతలివాళ్లు వేసే ప్రశ్న ఆయనకు సరిగా వినపడేది కాదు. అయినా సభలు మానలేదు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. నేను పల్లె నుంచి పట్నం బడికి వచ్చిన మొదటి వారం, పక్క పిల్లవాడు ఏడని మాస్టారు అడిగితే, లేచి "ఎలిపోనాడండి" అన్నాను. తరగతంతా నవ్వింది. మాస్టారు నన్ను బెంచీ ఎక్కించి, ఆ మాట మళ్లీ మళ్లీ అనిపించారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా అప్పతో కూడా మాట్లాడలేదు. అప్ప అనే పిలుపే తప్పేమోనని భయపడ్డాను. పంతులుగారు పోయి అప్పటికి పాతికేళ్లు దాటింది. వాడుక భాష గెలిచిందని అప్పటికే పుస్తకాలు రాశాయి. ఎవరి వాడుక గెలిచిందన్న ప్రశ్న నాలో ఆ బెంచీ మీదే పుట్టింది.

గురజాడ అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21న రాయవరంలో పుట్టి, చీపురుపల్లిలో, విజయనగరంలో పెరిగారు. ఆయన జీవితమంతా సంస్థానం నీడలో గడిచింది. ఆనంద గజపతి మహారాజు దగ్గర ఉద్యోగం, మహారాజావారి కాలేజీలో అధ్యాపకత్వం, శాసనాల పరిశోధన. దర్బారులో ఉన్న మనిషి దర్బారు భాషలో రాస్తాడని లోకం అనుకుంటుంది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్క వివాహాల లెక్క మహారాజు తీయించారు. ఆ లెక్కను గురజాడవారు తమ 'కన్యాశుల్కం' నాటకం మొదటి కూర్పు ముందుమాటలో ఇచ్చారు. మొత్తం 1034. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పాపలు ముగ్గురు. ఏడాది పాప మాట్లాడలేదు. ఆ పాప తరఫున వినవలసిన బాధ్యతను ఆయన తల మీద పెట్టుకున్నారు.

1892లో విజయనగరంలో ఆడిన ఆ నాటకం 1897లో అచ్చయింది. 1909లో దాన్ని దాదాపు కొత్త నాటకం అన్నంతగా తిరగరాశారు. ఆ మధ్య కాలంలో ఆయన ఏం చేశారని అడిగితే, విన్నారని నేను చెబుతాను. బొంకులదిబ్బ దగ్గర, కచేరీ వరండాల్లో, అగ్రహారపు అరుగుల మీద, సానుల వీధిలో. రెండో కూర్పులో అగ్నిహోత్రావధానులు మాట్లాడినట్టు ఇంకెవరూ మాట్లాడరు. రామప్పంతులు తెలుగు వేరు, హెడ్ కనిష్టీబు తెలుగు వేరు, పూటకూళ్లమ్మ తెలుగు వేరు. అందరిలోకీ నిబ్బరంగా, నాజూకుగా, ఎదుటివాడి లోతు కొలుస్తూ మాట్లాడేది మధురవాణి. సంఘం బయటికి తోసిన స్త్రీకి ఆ నాటకంలో అందరికంటే మంచి తెలుగు ఇచ్చారు. 1914లో వాడుక భాష తరఫున మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాస్తున్నప్పుడు ఆయన ఆరోగ్యం క్షీణించి ఉంది. మరుసటి ఏడు నవంబరు 30న కన్నుమూశారు. 53 ఏళ్లకే.

విజయనగరంలో ఇంకో రకం చెవులూ ఉన్నాయి. 1864లో అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసుగారు చిన్నతనంలో తల్లి నోట భాగవత పద్యాలు విని నేర్చుకున్నారు. 1883లో కుప్పుస్వామి నాయుడుగారి హరికథ విని, ఆ ఏడే తామూ గజ్జె కట్టారు. సంస్కృతం, పారశీకం, ఇంగ్లీషు ఎరిగినవారు, ఉమర్ ఖయ్యామును సంస్కృతంలోకే కాక అచ్చ తెలుగులోకీ తెచ్చినవారు, పల్లె జనం ఎదుట చిడతలు పట్టుకుని నిలబడ్డారు. 1919లో విజయరామ గజపతిరాజు సంగీత కళాశాల పెడితే దానికి ఆయనే మొదటి అధ్యక్షులు. ఆ ఏడే ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అక్కడ చేరాలని వచ్చారు. చిన్నప్పటి నుంచి చూపు మందం. చదువు సాగలేదు. అన్నగారి దగ్గర ఫిడేలు నేర్చారు. విద్యార్థిగా రాబోయిన ఆ 26 ఏళ్ల యువకుడి వాయిద్యం విని, ఆచార్యుడుగా నియమించారు. వచ్చినవాడి పట్టా చూడకుండా వినికిడితో తీర్పు చెప్పడం ఒక విద్యాసంస్థ చేయగలిగిన గొప్ప పని. గాత్రానికి పక్కవాద్యంగా ఉండిన ఫిడేలును ఆయన కచేరీ మధ్యలోకి తెచ్చారు. 1941లో సంగీత కళానిధి అయ్యారు. ఆ కళాశాలలోనే కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఘంటసాల అనే పిల్లవాడు మధూకరం ఎత్తుకుని, ఈ ఊరి ఇల్లాళ్లు పెట్టిన అన్నం తిని, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర పాట నేర్చుకున్నాడు. ఆ ఇల్లాళ్ల పేర్లు చరిత్రలో లేవు. తెలుగువాళ్లంతా వినే ఒక గొంతు వాళ్ల అన్నంతో బతికింది.

అదే ఊళ్లో చాగంటి సోమయాజులుగారు చిన్న కథలు రాస్తూ కూర్చున్నారు. జబ్బుపడిన భార్య వైద్యానికి ఆమె ఫిడేలే అమ్ముడుపోయే 'వాయులీనం', కుంకుడాకు కోసం వెళ్లిన పేదపిల్ల గవిరి కథ, ఆయన చెవి ఎంత సూక్ష్మమో చెబుతాయి. విశాఖపట్నంలో రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు వకీలు. వకీలు వృత్తి మాట్లాడడం. ఆయన మాత్రం బోనులో నిలబడ్డవాళ్లను విన్నారు. 'ఆరు సారా కథలు'లో మద్యనిషేధపు చట్టం కింద నలిగినవాళ్లు చట్టం గురించి చెప్పే మాటల్లో న్యాయశాస్త్ర గ్రంథాల్లో దొరకని తర్కం ఉంది. పార్వతీపురం వైపు నుంచి వచ్చి షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావుగారు, నన్ను బెంచీ ఎక్కించిన యాసనే రాష్ట్రమంతటి చేత పాడించారు. ఆయన పాట మొదటిసారి విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కాళీపట్నం రామారావు మాస్టారి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. 1924లో మురపాకలో పుట్టారు. విశాఖపట్నంలో మూడు దశాబ్దాలకు పైగా లెక్కల మాస్టారు. 1966లో 'యజ్ఞం' వచ్చింది. అప్పు గురించి ఊరి రచ్చబండ మీద పంచాయతీ. పెద్దలందరూ మాట్లాడతారు. న్యాయం, ధర్మం, పాత స్నేహం, దేశ ప్రగతి, అన్నీ మాట్లాడతారు. అప్పల్రాముడి కొడుకు సీతారాముడు చివరికి చేసే పని, ఆ పంచాయతీలో ఎవరి చెవికీ ఎక్కని మాట. ఆ కథ చదివి చర్చించినవాళ్లు ఆ చివరి పని సబబా కాదా అని కొట్టుకున్నారు. నాకెప్పుడూ ఆ ముందరి పేజీలే కలవరం కలిగిస్తాయి. అంతమంది మంచివాళ్లు అంతసేపు మాట్లాడుతూ ఒక్కణ్ణి వినలేకపోవడం.

అంతటి కథ రాసిన మనిషి, కొన్నేళ్లకు, తన కథలు రాయడం తగ్గించి ఇతరుల కథలు వెతకడం మొదలుపెట్టారు. చెదలు పట్టిన పాత పత్రికలు, మూతపడుతున్న గ్రంథాలయాలు, ఎవరింటి అటక మీదో మిగిలిన సంచికలు. 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం వస్తే ఆ డబ్బూ అందులోనే పెట్టారు. 1997 ఫిబ్రవరి 22న ఈ శ్రీకాకుళంలో కథానిలయం తలుపులు తెరుచుకున్నాయి. అందులో గొప్ప రచయిత కథకూ, జీవితంలో ఒకే ఒక్క కథ రాసి ఆగిపోయిన బడిపంతులు కథకూ చోటుంది. రచయిత మహాశయులు తమ పేరున స్మారకాలు కట్టించుకుంటారు. ఈయన తోటివాళ్లందరి మాట దాచడానికి ఇల్లు కట్టారు. 2021 జూన్ 4న మాస్టారు వెళ్లిపోయారు. ఈ సభ ముగిశాక విద్యార్థులు అటు వెళ్లి, ఒక పాత సంచిక తీసి, ఎవరూ ఎరగని ఒక పేరు దగ్గర ఆగి చదవమని నా విన్నపం.

వీళ్లలో ఎక్కువమంది అగ్రవర్ణాల పురుషులు. వాళ్లు విన్నది చాలావరకు స్త్రీలను, పాలేర్లను, కొండవాళ్లను. విన్నవాళ్ల పేర్లు నిలిచాయి, వినిపించినవాళ్ల పేర్లు నిలవలేదు. ఇది కూడా ఈ వేదిక మీద చెప్పకపోతే నేను పంతులుగారికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. సీతంపేట కొండల నుంచి, సముద్రపు ఒడ్డు పల్లెల నుంచి, చేపల వేటకు గుజరాత్ వెళ్లే తండ్రుల ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఇవాళ మన తరగతుల్లో కూర్చున్నారు. వాళ్లకు చెప్పడానికి సొంత మాట ఉంది. వాళ్లలో ఒకరు లేచి మాట్లాడినప్పుడు బెంచీ ఎక్కించకుండా ఉండగలమా అన్నది ఉపాధ్యాయులుగా మనం ప్రతి ఉదయం ఎదుర్కొనే పరీక్ష.

పంతులుగారి చివరి రోజుల గురించి చెప్పి ముగిస్తాను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అందులో చేరిపోయింది. దాన్ని ఆపాలని ఆయన చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. 55 ఏళ్లకు పైగా ఉన్న ఊరు. 73వ ఏట, వినపడని చెవులతో, ఆ ఇల్లు విడిచి రాజమండ్రి వచ్చేశారు. సవర కొండలు వెనక ఉండిపోయాయి. వెంట వచ్చినవి కాగితాలు. 1931లో వచ్చిన సవర వ్యాకరణానికి తోడుగా, 1938లో మద్రాసులో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. రెండేళ్లకు, 1940 జనవరి 22న, పంతులుగారు పోయారు. ఆ నిఘంటువు అచ్చుకు వెళుతున్న రోజుల్లో ఒక్కొక్క మాటా ఆయన ఎలా సరిచూసుకుని ఉంటారా అని నేను చాలాసార్లు ఊహించుకున్నాను. ఎదుట పలికి వినిపించే సవర లేడు, ఉన్నా వినగలిగే చెవి లేదు. ఎప్పుడో కుర్రతనంలో, పర్లాకిమిడిలో, తన ఇంట్లో కూర్చుని ఆ గురువు పలికిన పలుకు ఉంది. దాన్ని తలుచుకుని, గొంతులో ఊపిరి ఎక్కడ తెగిందో గుర్తు పెట్టి ఉంటారు.